నడిమికి రెండున్నర అడుగులు

నా భార్య పోయాక ఆమె పాఠాలు చెప్పిన పాలిటెక్నిక్‌లో సంతాప సభ పెట్టారు. మాట్లాడినవాళ్లలో ఒకాయన ఆమెను వంతెనతో పోల్చారు. విద్యార్థులకీ విజ్ఞానానికీ మధ్య వంతెన అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఆమె అక్కడ ఉంటే ఆ వంతెన పొడుగెంత, బీములు ఎన్ని, దాని మీద ఏ బండ్లు వెళతాయి అని అడిగేది. అవి తెలియని చోట ఆమె వంతెన అనే మాట వాడేది కాదు.

ఆమెకు నిజంగా సంబంధం ఉన్న వంతెన ఒకటి ఉంది. దాని గురించి నాకు తెలిసింది రాస్తున్నాను. నేను ఇంజనీరును కాను. రాజోలులో లైబ్రరీలో పనిచేశాను. ఇందులో ఉన్న లెక్క ఆమె నాకు చెప్పినదే.

ఆ వంతెన మలికిపురం వైపు ఒక పంట కాలువ మీద ఉంది. కాలువకి ఒక పక్క తారురోడ్డు, రైతుల ఇళ్లు. రెండో పక్క మా అత్తవారి పేట, చర్చి, ఆ వెనక కొబ్బరితోటలు. తోటలు రైతులవి. పేటలో పాతతరం వాళ్లు ఆ తోటల్లో కూలికి వెళ్లినవాళ్లు. మా కాలం వచ్చేసరికి ఇంటికొక టీచరో నర్సో ఉన్నారు. మా మామగారు మాత్రం తాపీమేస్త్రీ. కూతుర్ని సివిల్ ఇంజనీరింగ్ చదివించారు. తను కట్టేవాటి గురించి పుస్తకాల్లో ఏం రాశారో ఇంట్లో ఒకరికి తెలియాలని అలా చేశానని చెప్పేవారు.

పూర్వం ఆ కాలువ మీద తాటిదుంగలు ఉండేవి. తొంభైల మొదట్లో రైతులూ పేటవాళ్లూ కలిసి కాంక్రీటు వంతెన కట్టించుకున్నారు. కట్టింది మామగారు. గట్టు నుంచి గట్టుకి ముప్పై అడుగులు. కింద బీములు, పైన శ్లాబు. ఎడ్లబండ్లనీ ట్రాక్టర్లనీ దృష్టిలో పెట్టుకుని కట్టారు. లారీ ఆ వంతెన ఎక్కుతుందని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

మా వైపు పాత మేస్త్రీలకి ఒక అలవాటు ఉండేది. శ్లాబు పోసిన తర్వాత సెంట్రింగ్ విప్పే రోజున ముందుగా మేస్త్రీయే దాని కిందకి వెళ్లి నిలబడాలి. కర్రలు ఒక్కొక్కటే తీస్తుంటే ఆయన అక్కడే ఉండాలి. అన్నీ తీసేశాక బయటికి వస్తే ఇంటివాళ్లు కొత్త తువ్వాలు ఇచ్చేవారు. ఇనుము ఎంత వేశాడో సిమెంటు ఎంత కలిపాడో శ్లాబు పోశాక ఎవరికీ కనపడదు. కిందకి వెళ్లి నిలబడటమే మేస్త్రీ చెప్పే సాక్ష్యం. మామగారు అలా ఎన్ని శ్లాబుల కింద నిలబడ్డారో ఆయనకే గుర్తులేదు. ఈ వంతెన కింద కూడా నిలబడ్డారు. అయితే అప్పుడు దాని మీద బరువు ఏమీ లేదు.

రెండు వేల సంవత్సరం దాటాక తోటల్లోకే లారీ తీసుకురావాలని రైతులు అనుకున్నారు. అంతవరకు కాయలు తోటలో రాశిపోసి, బండ్లకెత్తి, వంతెన దాటించి, రోడ్డు పక్కన మళ్లీ రాశిపోసి, లారీకి ఎత్తేవారు. ఒకే పని రెండుసార్లు. లారీ వెళుతుందా లేదా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఎవరో బీముల కిందకి చూసి, ఒకదానికి నడిమిన వెంట్రుకంత బీట ఉందన్నారు. బీట నిజమే. అలాంటివి కాంక్రీటులో సహజమని నా భార్య అంది. కానీ అప్పటికే మాట టీకొట్టు దాకా వెళ్లిపోయింది.

అక్కడ ఒక రైతు, కొబ్బరి వ్యాపారం కూడా చేసేవాడు, మామగారికి చిన్నప్పటి నుంచి తెలిసినవాడు, అందరి ముందూ నవ్వుతూ అన్నాడట.

"ఏం మేస్త్రీ, మా మేడకి ఇనుం పోసేసి మీ పేట వంతెనకి వెదురుబద్దలు పెట్టేవేంటి?"

అందరూ నవ్వారట. మామగారు టీ గ్లాసు బల్ల మీద పెట్టి, "లారీ నింపించండి బాబయ్యగారూ. నడిమిన ఆపించండి. కింద నేను నిలబడతాను" అన్నారట.

ఆ ఆదివారం మేము పేటకి వెళ్లేసరికి ఈ సంగతి ఊరంతా తెలుసు. మా అత్తగారు చర్చి నుంచి వచ్చి నేరుగా వంటింట్లోకి వెళ్లిపోయారు. వేసవి కాబట్టి కాలువలు కట్టేశారు. కాలువ అడుగున బురద, మడమల లోతు నీళ్లు. మనిషి నిలబడటానికి అడ్డేమీ లేదు.

లారీ ఎక్కడ ఆపాలన్న దాని మీద అప్పటికే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. లారీకి వెనక చక్రాల మీదే బరువెక్కువ కాబట్టి అవి సరిగ్గా వంతెన నడిమిన ఉండాలని మామగారు అన్నారు. రైతు బండ్లు కట్టినవాడు. బండికైనా లారీకైనా ముందు బరువూ వెనక బరువూ సరితూగే చోటు, తూకం అని ఒకటి ఉంటుంది, ఆ తూకం నడిమికి రావాలి, అప్పుడే బరువంతా వంతెన మీద పడినట్టు అన్నాడు. ఎవరికి వారు తమదే కఠినమైన పరీక్ష అనుకున్నారు. నా భార్య ఇద్దరి మాటా విని, లారీ కొలతలు కనుక్కుని, బస్సెక్కింది.

ఇంటికి వచ్చాక ఆమె టేబుల్ మీద రెండు లావుపాటి బైండు పుస్తకాలు దూరదూరంగా పెట్టి, వాటి మీద చెక్క స్కేలు ఆనించింది. పుస్తకాలు నావి. వంటింట్లోంచి రెండు తూనికరాళ్లు తెచ్చింది, ఒకటి చిన్నది, ఒకటి దానికి రెట్టింపు. రెండింటి మధ్య దూరం మారకుండా ఒక కొబ్బరి ఈనె ముక్కని కొలత పెట్టుకుంది. చిన్నది లారీ ముందు ఇరుసు, పెద్దది వెనక ఇరుసు. ఈనెతో పాటు రెండింటినీ స్కేలు మీద మెల్లగా జరిపింది.

దూలం మీద బరువు పడితే అది వంగబోతుంది. ఏ చోట ఎంత వంగబోతుందో చెప్పే అంకెని వాళ్లు బెండింగ్ మూమెంట్ అంటారు. బరువు ఒకచోట కదలకుండా ఉంటే ఆ అంకె కట్టడం తేలిక. చక్రాలు నడుస్తుంటే అది అడుగడుగుకీ మారుతుంది. అన్నింటిలోకీ పెద్ద అంకె లారీ ఎక్కడున్నప్పుడు వస్తుంది, దూలంలో ఏ చోట వస్తుంది అన్నది ప్రశ్న. ఆమె ఏటా రెండో సంవత్సరం పిల్లలకి ఈ పాఠం చెప్పేది. ఏటా సగం మంది తప్పు చేసేవారు. బరువైన చక్రాన్ని నడిమిన పెట్టి లెక్క ముగించేవారు.

"చూస్తే తెలియదండీ. లెక్క కడితేనే తెలుస్తుంది," అంది.

కట్టింది. లారీ మొత్తం పదిహేను టన్నులు. ముందు ఇరుసు మీద ఐదు, వెనక ఇరుసు మీద పది. రెండింటికీ మధ్య పదిహేను అడుగులు. రైతు చెప్పిన తూకం వెనక ఇరుసుకి ఐదడుగులు ముందుంటుంది. మామగారు చెప్పినట్టు వెనక ఇరుసు నడిమిన ఆపితే అంకె డెబ్బై ఐదు. రైతు చెప్పినట్టు తూకం నడిమిన ఆపినా డెబ్బై ఐదే. నేను నమ్మక రెండోసారి వేయించాను. అంతే వచ్చింది. ఇద్దరు పెద్దమనుషులు వారం రోజులు వాదించుకున్నది ఒకే అంకె కోసం.

తర్వాత ఆమె పెద్ద రాయిని నడిమి నుంచి కొద్దిగా జరిపింది. ఇరుసు నడిమికి ఒక పక్క రెండున్నర అడుగుల్లో, తూకం రెండో పక్క రెండున్నర అడుగుల్లో. నడిమి సరిగ్గా ఆ రెండింటికీ మధ్యన. అప్పుడు డెబ్బై ఎనిమిది వచ్చింది. అది నడిమిన కాదు, ఇరుసు కిందే.

తేడా అంతేనా అన్నాను. అంతే అంది. వంతెన సొంత బరువు కూడా కలిపి, తండ్రి చెప్పిన ఇనుప ఊచల లెక్క ప్రకారం బీము ఎంత మోయగలదో వేరే కాగితం మీద వేసుకుంది. మోస్తుంది, కానీ చేతిలో మిగిలేది ఎక్కువ లేదు అంది. ఆ తర్వాత రాళ్లు తీసేసి స్కేలు వైపు చూస్తూ కూర్చుంది. తన లెక్క తప్పుతుందేమోనని కాదు ఆమె బాధ అని నాకు అప్పుడు అనిపించింది. కాగితం మీద ఊచల సంఖ్య తండ్రి చెప్పింది. కాంక్రీటు లోపల ఉన్న సంఖ్య తండ్రికి మాత్రమే తెలిసింది. రెండూ ఒకటే అయితే లారీ ఎక్కడ ఆగినా ఫరవాలేదు. కాకపోతే కింద నిలబడేది ఆయనే.

మర్నాడు సెలవు పెట్టి మళ్లీ పేటకి వెళ్లింది. నేనూ వెళ్లాను. మామగారు అరుగు మీద కూర్చుని తాపీకి అంటిన పాత సున్నం గీకుతున్నారు. ఆమె మెట్టు మీద కూర్చుని ముందు వేరే సంగతులు మాట్లాడింది. లారీని మొదట సగం సరుకుతో ఎక్కించాలని చెప్పింది. ఆయన ఒప్పుకున్నారు. కాయల లారీ పేటలోంచి బయటికి వచ్చేటప్పుడే నిండుగా ఉంటుంది కాబట్టి, పరీక్షలో కూడా అది రోడ్డు వైపు ముఖం పెట్టి ఉండాలని, అందుకని వెనక్కి నడిపి ఎక్కించాలని చెప్పింది. అదీ ఒప్పుకున్నారు. కింద ఎవరూ నిలబడనక్కర్లేదని, బయట నుంచి కొలిచే పద్ధతి ఉందని చెప్పింది. దానికి ఆయన తాపీని తిరగేసి రెండో వైపు గీకడం మొదలుపెట్టారు.

అప్పుడు అడిగింది.

"నాన్నా, బీము నడుం దగ్గర అడుగున ఊచలు నువ్వు చెప్పినన్నీ వేసేవు కదా?"

మేస్త్రీని ఎవరూ అలా అడగరు. టీకొట్టు దగ్గర నవ్వుతూ అంటారు, వెనకాల అంటారు. ఎదురుగా కూర్చుని, కూతురు, నెమ్మదిగా అడగటం వేరు. మామగారు తాపీ గీకడం ఆపలేదు. సున్నం అంతా పోయేదాకా గీకి, తాపీని గోడకి ఆనించి పెట్టారు.

"నిలబడతానన్నాను కదమ్మా," అన్నారు.

ఆయన ఇచ్చిన సమాధానం అదొక్కటే. ఆమె రెండోసారి అడగలేదు.

లారీ పెట్టిన రోజు పొద్దున్నే గట్ల మీద జనం చేరారు. రైతులు రోడ్డు వైపు, పేటవాళ్లు చర్చి వైపు. ఎవరూ అలా నిలబడమని చెప్పలేదు. సగం సరుకుతో లారీ ఎక్కి దిగింది. ఏమీ కాలేదు. తర్వాత పూర్తిగా నింపి తూకం వేయించుకొచ్చారు. ఈలోగా మామగారు లుంగీ ఎగ్గట్టి కాలువలోకి దిగి, రోజూ పనికి వెళ్లినంత మామూలుగా బీముల కిందకి వెళ్లి నడిమిన నిలబడ్డారు.

నా భార్య చాక్‌పీసు పట్టుకుని వంతెన మీదకి వెళ్లింది. అప్పుడు నేను గట్టు మీద ఉన్నాను. ఆమె ఎక్కడ గీస్తుందో నాకు తెలియదు. ఆమె నడిమిన గీస్తే అడిగేవాళ్లు ఎవరూ లేరు. మామగారూ రైతూ కూడా నడిమి అనే అన్నారు. నడిమిన గీస్తే తండ్రి మీద పడే అంకె కొంచెం తక్కువ. ఈ సంగతి ఆ గట్ల మీద ఉన్న జనంలో ఆమెకీ నాకూ మాత్రమే తెలుసు.

ఆమె టేపు పెట్టి నడిమి కొలిచింది. అక్కడ నుంచి పేట వైపు రెండున్నర అడుగులు కొలిచి, అక్కడ శ్లాబుకి అడ్డంగా గీత గీసింది.

రైతు దగ్గరికి వచ్చాడు. "నడిమిన కదమ్మా అనుకున్నాం?"

"కాదండీ. అన్నిటికంటే ఎక్కువ వంగేది వెనక చక్రం ఇక్కడున్నప్పుడండీ," అంది.

"నడిమికంటేనా?"

"ఆయ్. నడిమికంటేనండి."

కింద నుంచి మామగారి గొంతు వినపడింది. "ఎక్కడమ్మా?"

ఆమె ఒక రాయి తీసుకుని గీత మీద తట్టింది. ఆయనకి గీత కనపడదు, చప్పుడే వినపడుతుంది. ఆ చప్పుడు వచ్చిన వైపు రెండడుగులు జరిగి, ఇంకొంచెం జరిగి, "ఇక్కడేనా?" అన్నారు. ఆమె మళ్లీ తట్టింది. ఆయన అక్కడ నిలబడ్డారు.

తర్వాత ఆమె చెప్పులు గట్టు మీద విప్పి, చీర కుచ్చిళ్లు దోపుకుని, తనూ కాలువలోకి దిగింది. ఒక వెదురుకర్రకి స్కేలు కట్టి ముందే సిద్ధం చేసుకుంది. కర్రని కాలువ అడుగున గుచ్చి, స్కేలు బీము అడుగుకి ఎదురుగా వచ్చేలా పట్టుకుంది. బయట నుంచి కొలిచే పద్ధతి అని ఆమె చెప్పింది ఇదే. బయట నుంచి మాత్రం కొలవలేదు. మామగారు వెళ్లిపొమ్మని చేత్తో సైగ చేశారు. ఆమె స్కేలు వైపే చూస్తోంది. పేట వైపు గట్టు మీద మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రైతు డ్రైవరుతో "మెల్లిగా పోనీయి, కింద పంతులమ్మగారున్నారు" అన్నాడు. మేస్త్రీ ఒక్కడే ఉన్నప్పుడు ఆ మాట అనలేదు.

లారీ వెనక్కి నడిచింది. వెనక చక్రాలు నడిమి దాటి గీత మీదకి వచ్చాక క్లీనరు కేకేశాడు. బండి ఆగింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఆపమని ఎవరూ చెప్పలేదు. గట్ల మీద వాళ్లంతా బీము వైపు చూశారు. నేను చూడలేదు. ఆమె ముఖం చూశాను. అక్కడ ఏమీ కనపడలేదు. క్లాసులో నల్లబల్ల ముందు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

బీము దిగింది రెండు అగ్గిపుల్లల మందం. ఆమె అనుకున్నదానికి దగ్గరగానే ఉంది. ఆమెకి ముఖ్యమైంది ఆ తర్వాతది. లారీ వెళ్లిపోయాక బీము మళ్లీ స్కేలు మీద మొదటి గీత దగ్గరికి రావాలి. లారీ రోడ్డెక్కింది. ఆమె స్కేలుకి ముఖం దగ్గరగా పెట్టి చూసింది. కర్ర పీకేసి, "వచ్చేసింది నాన్నా," అంది. ఆయన తలూపారు.

రైతు వంతెన అంచున నిలబడి కిందకి వంగాడు. "పైకి రా మేస్త్రీ, టీ తాగుదాం."

"ఆయ్. కాళ్లు కడుక్కుని వస్తానండి," అన్నారు మామగారు.

కొత్త తువ్వాలు ఎవరూ ఇవ్వలేదు. వంతెనకి ఇంటివాళ్లంటూ ఉండరు కదా.

తిరిగి వస్తుంటే బస్సులో అడిగాను, భయం వెయ్యలేదా అని. ఆమె కాళ్లకి బురద ఇంకా అక్కడక్కడా ఎండిపోయి ఉంది.

"లెక్క ఎక్కడైనా తప్పేనేమోనని వేసింది. నాన్న గురించి వెయ్యలేదు," అంది. మళ్లీ తనే, "నడిమిన గీసుంటే నాన్న గురించి భయం వేసినట్టే కదండీ," అంది.

ఆ తర్వాత లారీలు పేటలోకి రావడం మొదలైంది. వానకి చాక్ గీత పోతుందని మామగారు ఎక్కడో మిగిలిన తెల్లరంగు తెచ్చి దాని మీద పూశారు. రంగు వెలిసినప్పుడల్లా మళ్లీ పూసేవారు. ఎందుకని నేను అడగలేదు.

కొన్నాళ్లకి ఒక విచిత్రం జరిగింది. నిండు లారీ ఆగినా ఏమీ కాలేదు కాబట్టి ఆ గీత ఉన్నచోటే వంతెన అన్నిటికంటే గట్టిదని పేటలో పేరు పడింది. ట్రాక్టరు చెడితే గీత దాకా నెట్టి అక్కడ బాగుచేసుకునేవారు. ఎదురుగా బండి వస్తే గీత దగ్గర ఆగి మాట్లాడుకునేవారు. గంపలెత్తుకున్న ఆడవాళ్లు అక్కడే దించుకునేవారు. నా భార్య ఒకసారి ఒక ట్రాక్టరు డ్రైవరుకి సంగతి విడమరిచి చెప్పబోయింది. అది గట్టి చోటు కాదు, వంతెనకి అన్నిటికంటే కష్టమైన చోటు అంది. అతను ఓపిగ్గా విన్నాడు.

"మేమూ అదే కదా పంతులమ్మగారూ అనేది. లారీ నిలబడినా విరగలేదంటే గట్టిదనే కదండీ," అన్నాడు.

ఇంటికొచ్చి నాకు చెప్పి నవ్వింది. అతనన్నది తప్పే, కానీ అతను చేసే దాంట్లో ప్రమాదమేమీ లేదు, అక్కడ ఆగగలిగిన బండి వంతెన మీద ఎక్కడైనా ఆగగలదు అంది. మళ్లీ ఎవరికీ చెప్పే ప్రయత్నం చేయలేదు.

మామగారు ముందు పోయారు. గీతకి రంగు వేసే పని పేటలో ఇంకెవరో అందుకున్నారు. ఎవరో నాకు తెలియదు. ఆమె జబ్బు పడిన రెండేళ్లలో మేము పేటకి వెళ్లింది తక్కువ. వెళ్లినప్పుడు వంతెన మీద ఆటో నెమ్మదిగా నడపమనేది. పక్క నుంచి తల బయటికి పెట్టి బీము అంచుల వైపు చూసేది. ఇంజనీర్లు చూసే చూపే తప్ప అందులో వేరే ఏదీ లేదనుకుంటాను.

పేట వాళ్ల సమాధుల తోట రోడ్డు వైపు ఉంది. చర్చిలో ఆమెకి ప్రార్థన అయ్యాక పెట్టెని భుజాల మీద ఎత్తుకుని వంతెన మీదుగా తీసుకెళ్లాలి. నేను వెనకాల నడిచాను. మోసేవాళ్లలో ఇద్దరు ఆమె చదివించిన పిల్లలు, మిగతావాళ్లు బంధువులు. వంతెన ఎక్కగానే ముందున్న కుర్రాడు భుజం మార్చుకోవాలన్నాడు. పక్కన నడుస్తున్న పెద్దాయన, "ఇంకో నాలుగడుగులు రండిరా. గీత దగ్గర ఆపుదాం, అక్కడ గట్టి," అన్నాడు.

పెట్టె, మోసేవాళ్లు కలిసి కూడా ఆ వంతెనకి లెక్కలోకి వచ్చే బరువు కాదు. ఎక్కడ ఆపినా ఒకటే. ఆమె ఉంటే ఆ మాటే అనేది, లేక అనకుండా ఊరుకునేది. నేను ఊరుకున్నాను.

వాళ్లు గీత మీద ఆగారు. రంగు కొత్తగానే ఉంది. కింద కాలువ నిండా నీళ్లు పారుతున్నాయి, మనిషి నిలబడే వీలు లేదు. భుజాలు మార్చుకుని మళ్లీ నడిచారు.